ఎవరి వైపు మన పరుగు?

‘అయ్యగారూ, ఈ వయసులో మీకు పరుగులెందుకు?’ 2023 చివరిలో మా సంఘంలో నన్ను ఈ ప్రశ్న అడగనివారు లేరు. అప్పటికి నాకు 55 ఏళ్లు నిండాయి. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే మోకాళ్ల నొప్పి. అలాంటి నేను, మా యౌవనస్థులతో కలిసి మరుసటి సంవత్సరం ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తుతానని ప్రసంగవేదిక మీద నుంచే ప్రకటించేశాను. నగరంలో ఇల్లూవాకిలీ లేనివారి కోసం రాత్రి ఆశ్రయం నడుపుతున్న ఒక సేవాసంస్థకు డబ్బు పోగుచేసి ఇవ్వాలన్నది మా ఉద్దేశం. తెలిసినవారంతా కిలోమీటరుకు ఇంత అని విరాళం రాసిస్తారు. మేము పరుగు పూర్తి చేసి ఆ సొమ్ము సంస్థకు అప్పగిస్తాం. ఆలోచన మా కుర్రాళ్లది. ఉత్సాహంలో మాట ఇచ్చింది మాత్రం నేను.

పరుగు పూర్తయింది, డబ్బు పోగయింది, మోకాళ్లు కూడా ఎలాగో నిలిచాయి. అయితే ఆ పది నెలల సాధనలో నేను నేర్చుకున్న పాఠం ఆరోగ్యానికి సంబంధించినది కాదు. ఆ పాఠం నాకు సిగ్గు కలిగించేది. అందుకే దాన్ని పాఠకులతో పంచుకోవాలనుకుంటున్నాను.

మొదటి అభ్యంతరం వయసు గురించి వచ్చింది. దానికి జవాబు బైబిలులోనే దొరికింది. ఆదికాండం 17వ అధ్యాయంలో అబ్రాహాము వయసు 99 సంవత్సరాలు. ఆ తర్వాతి అధ్యాయంలోనే ఆయన మిట్టమధ్యాహ్నపు ఎండలో గుడారం ద్వారం దగ్గర కూర్చుని, ముగ్గురు అపరిచితులను చూసి లేచి వారికి ఎదురుగా పరుగెత్తాడు. అంతటితో ఆగలేదు. వారి భోజనం కోసం మళ్లీ పశువుల మందకు పరుగెత్తాడు (ఆది 18:2, 7). మన కాలంలోనూ ఫౌజా సింగ్ అనే పంజాబీ రైతు 2000 సంవత్సరంలో లండన్ మారథాన్ పరుగెత్తినప్పుడు ఆయన వయసు 89. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం పనిచేసే ఒక సంస్థకు విరాళాలు కూడగట్టడానికి ఆయన పరుగెత్తాడు. వారి ముందు 55 ఏళ్లవాడు వయసు సాకు చెబితే ఎవరు నమ్ముతారు?

రెండవ అభ్యంతరం అంత తేలికైనది కాదు. మా సంఘంలో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆరాధనకు ఒక్క నిమిషం ఆలస్యంగా రావడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన నన్ను పక్కకు పిలిచి, ‘అయ్యగారూ, ఈ పరుగు ఆదివారం ఉదయం కదా! కాపరే ఆరాధన విడిచి రోడ్ల మీద పరుగెత్తితే, రేపు పిల్లలు క్రికెట్‌కు వెళ్తామంటే మీరేం చెబుతారు?’ అని అడిగారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నవ్వి తీసిపారేయదగినది కాదు.

ఎరిక్ లిడెల్ కథ క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం వచ్చాయని ఆయన అందులో పాల్గొనలేదు. తనది కాని 400 మీటర్ల పరుగులో దిగి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. తరువాత మిషనరీగా చైనా వెళ్లాడు. మా పెద్దాయన నాకు గుర్తుచేసింది కూడా ఈ కథనే. అయితే ఆ కథకు మరో అధ్యాయం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం లిడెల్‌ను వైషియన్ అనే నిర్బంధ శిబిరంలో ఉంచింది. అక్కడి పిల్లలకు ఆయన ఆటలు నేర్పేవాడు, ఆదివారం మాత్రం ఆడించేవాడు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడుకుని, తీర్పు చెప్పేవారు లేక కొట్టుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం లిడెల్ తానే వెళ్లి ఆటకు రిఫరీగా నిలబడ్డాడని శిబిరంలో ఆయనతో ఉన్నవారు తరువాతి కాలంలో చెప్పారు. ఒలింపిక్ పతకం కోసం వదలని నియమాన్ని కొట్టుకుంటున్న పిల్లల కోసం వదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

తన కీర్తి కోసం విశ్రాంతిదినాన్ని మీరడం వేరు, పొరుగువాడి అవసరం కోసం దాన్ని వెచ్చించడం వేరు. విశ్రాంతిదినాన గుంటలో పడిన ఎద్దును పైకి తీయరా అని ప్రభువు అడిగింది కూడా ఇదే కదా (లూకా 14:5)! అయినా పెద్దాయన మాటను మేము కొట్టివేయలేదు. పరుగెత్తేవారందరూ ఆ సాయంకాల ఆరాధనకు రావాలని, ఎంత నొప్పులున్నా ఎవరూ ఎగవేయకూడదని నియమం పెట్టుకున్నాం. ఆయన ఒప్పుకున్నారు. తరువాత కిలోమీటరుకు 50 రూపాయల చొప్పున తన పేరు కూడా రాయించారు!

ఇక అసలు విషయానికి వస్తాను. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పరుగు సాధన చేయాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డెక్కాలి. నేను ఈ నగరంలో ఎన్నో ఏళ్లుగా సేవ చేస్తున్నాను. కానీ ఆ వేళలో కాలినడకన ఈ నగరాన్ని ఎప్పుడూ చూడలేదు. పగలు కనిపించని మరో ఊరు అప్పుడు కనిపిస్తుంది. మూసిన దుకాణాల మెట్ల మీద, ఫ్లైఓవర్ల కింద, బస్టాపుల్లో, పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర, రైల్వే స్టేషన్ బయట వరుసగా మనుషులు పడుకుని ఉంటారు. సిమెంటు సంచి పరుచుకున్నవారు, ఫ్లెక్సీ బ్యానరు కప్పుకున్నవారు, దొంగలెత్తుకుపోతారని చెప్పులు తలకింద పెట్టుకున్నవారు. ఆసుపత్రి గేటు దగ్గర పడుకున్నవారిలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది. లోపల మంచం మీద ఉన్న భార్య కోసమో బిడ్డ కోసమో బయట రోడ్డు మీద ఉంటున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా ఉన్నారు. అందులో సగానికి పైగా పట్టణాలలోనే. ఇంటింటికీ తిరిగి చేసే లెక్కలో ఇల్లే లేనివారు అందరూ చిక్కుతారా అన్నది ఎవరైనా ఆలోచించవచ్చు. నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, అదీ ఏడాది పొడవునా నడిచేది ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలలో ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాశారు. యాభై చదరపు అడుగులంటే ఎంత? పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. మన ఇళ్లలో స్నానాల గది అంత. ఆ పాటి చోటు కూడా లేనివారి పక్కనుంచి నేను రోజూ పరుగెత్తేవాడిని.

అవును, పక్కనుంచే పరుగెత్తాను. మొదటి రెండు నెలలు నేను చేసింది అదే. మణికట్టుకు కట్టుకున్న గడియారంలో వేగం చూసుకుంటూ, పడుకున్నవారి కాళ్లు అడ్డొస్తే రోడ్డు అవతలి వైపుకు మారిపోయేవాడిని. కొన్నిచోట్ల దుర్వాసన వస్తే ముందుగానే మారేవాడిని. ఒక ఉదయం అలా మారుతుండగా వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పిన గురువుగారి మాట చెవిలో వినిపించినట్టయింది. మంచి సమరయుని ఉపమానంలో యాజకుడు, లేవీయుడు గాయపడిన మనిషిని చూసి ఎలా వెళ్లారో చెప్పడానికి లూకా ఒక అరుదైన క్రియాపదం వాడాడు. కేవలం ‘దాటి వెళ్లాడు’ అని కాదు, ‘ఎదురు పక్కకు మారి దాటి వెళ్లాడు’ అని దాని అర్థం (లూకా 10:31, 32). ముప్పై ఏళ్ల క్రితం ఆ పదాన్ని విడదీసి అర్థం చెప్పి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ పదానికి నా కాళ్లే అర్థం చెబుతున్నాయి. యాజకుడు యెరికో దారిలో నడిచి వెళ్లాడు. నేను పరుగెత్తి వెళ్తున్నాను. పైగా పడి ఉన్నవారి కోసమే పరుగెత్తుతున్నానని అందరికీ చెప్పుకుంటున్నాను!

ఆ రోజు ఆగాను. మా చర్చికి నాలుగు వీధుల అవతల, మూసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల మీద ఒక పెద్దమనిషి అప్పటికే లేచి కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. నన్ను అంతకుముందే చాలాసార్లు చూసినట్టున్నాడు. నేను పలకరించేలోపే ఆయనే అడిగాడు: ‘ఏం సారూ, రోజూ గట్ల ఉరుకుతున్రు? ఎవలన్న తరుముతున్రా? మమ్ముల్ని తరిమితె మేం ఉరుకుతం. మిమ్ముల్ని తరిమెటోళ్లెవలు?’

నాకు జవాబు దొరకలేదు. ‘మీలాంటివారి కోసమే పరుగెత్తుతున్నాను’ అని చెప్పడానికి నోరు రాలేదు. మెట్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనది పాలమూరు వైపు ఒక పల్లె. వానలు లేక, అప్పులు తీర్చలేక యౌవనంలోనే మేస్త్రీ పనికి వచ్చాడు. ముప్పై ఏళ్లు ఈ నగరంలో గోడలు కట్టాడు. పరంజా మీద నుంచి పడి నడుం దెబ్బతిన్నాక పని దొరకలేదు. భార్య చనిపోయింది, కొడుకు ఎక్కడో ఉన్నాడు, ఎక్కడో తెలియదు. ‘గా ఎదురుంగ కనవడె అపార్ట్‌మెంట్ల అయిదో అంతస్తు దాంక గోడలు నేనే లేపిన సారూ’ అని చేయెత్తి చూపించాడు. ఆ గొంతులో కోపం లేదు, కాస్త గర్వం ఉంది. కట్టినవారే ఆ ఇళ్లలో కాపురముంటారని, ఒకరు కట్టగా వేరొకరు నివసించడం ఉండదని యెషయా ప్రవక్త చూసిన క్రొత్త లోకం (యెషయా 65:21, 22) ఆ మెట్ల మీది నుంచి చూస్తే ఎంత దూరంగా కనిపించిందో చెప్పలేను.

లేచి వస్తూ అడిగాను, ‘రాత్రి వాన పడితే ఎక్కడుంటారు?’ అని. ఆయన చెప్పిన జవాబు నన్ను మళ్లీ కూలబడేలా చేసింది. ‘మొన్న పెద్దవాన వడ్డప్పుడు గా చర్చి వరండల నిలవడ్డ సారూ. వాచ్‌మన్ గేటు తాళమేసుకోవాలె, వొమ్మన్నడు. పాపం ఆయన నౌకరి ఆయనది.’ అది మా చర్చే. గేటుకు రాత్రి తొమ్మిదికల్లా తాళం వేయాలని వాచ్‌మన్‌కు చెప్పింది నేనే. లోపల మా ఫెలోషిప్ హాలు ఉంది. ఎనిమిది ఫ్యాన్లు, రెండు మరుగుదొడ్లు, మంచినీళ్ల యంత్రం. వారంలో ఆరు రాత్రులు ఖాళీగానే ఉంటుంది. నక్కలకు బొరియలు, పక్షులకు గూళ్లు ఉన్నా తనకు తలవాల్చుకునే చోటు లేదన్న ప్రభువు (మత్తయి 8:20) మా వరండాలో నిలబడితే మేము బయటికి పంపి తాళం వేసుకున్నాం. ఆ తర్వాత ఆయన కోసం చందాలు పోగుచేస్తున్నాం.

పాఠకులు పొరబడకూడదు. విరాళాల కోసం పరుగెత్తడం తప్పని నేను అనడం లేదు. ‘ఇవ్వాలనుకుంటే నేరుగా ఇవ్వొచ్చుగా, ఈ పరుగులెందుకు?’ అనేవారితో నేను ఏకీభవించను. మా పరుగు కోసం డబ్బిచ్చినవారిలో సగం మంది అంతకుముందు ఇల్లులేనివారి గురించి ఆలోచించినవారు కారు. తమకు తెలిసిన ఒక మనిషి ఒళ్లు హూనం చేసుకోవడం చూసి జేబులో చెయ్యి పెట్టారు. లండన్ మారథాన్ 1981లో మొదలైంది. అప్పటి నుంచి అందులో పరుగెత్తినవారు సేవాసంస్థల కోసం వంద కోట్ల పౌండ్లకు పైగా కూడగట్టారు. ముంబయి మారథాన్ 2004 నుంచి మన దేశంలో ఆ పద్ధతిని వేలాదిమందికి అలవాటు చేసింది. ఆ సొమ్ముతో నిజంగా దుప్పట్లు కొన్నారు, నిజంగా రోగులకు మందులు ఇచ్చారు. దాన్ని చిన్నచూపు చూడటం తగదు.

అయితే విరాళాల కోసం చేసే పరుగుకు బైబిలు ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. డబ్బు కోసం పరుగెత్తిన మనిషి ఒకడు అందులో ఉన్నాడు. ఎలీషా ప్రవక్త సేవకుడైన గేహజీ, నయమాను రథం వెనుక పరుగెత్తాడు. ప్రవక్తల శిష్యులలో ఇద్దరు యౌవనులు వచ్చారని, వారి కోసం ఒక తలాంతు వెండి, రెండు జతల బట్టలు కావాలని అబద్ధం చెప్పి తెచ్చుకుని ఇంట్లో దాచుకున్నాడు. చివరికి కుష్ఠరోగిగా మిగిలాడు (2 రాజులు 5:20–27). ఇతరుల పేరు చెప్పి పోగుచేసిన సొమ్ము ఎంత ప్రమాదకరమో దీనికన్నా గట్టిగా చెప్పలేం. పౌలు కూడా యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా పోగుచేసినప్పుడు, ఎవరూ తప్పుపట్టే అవకాశం లేకుండా, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సక్రమంగా ఉండాలని ఎంతో జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20, 21). అందుకే మేము షూలు, టీషర్టులు, ప్రవేశ రుసుము ఖర్చులన్నీ మా జేబుల్లోంచే పెట్టుకున్నాం. వచ్చిన ప్రతి రూపాయినీ రసీదుతో సంస్థకు చేర్చి, లెక్క ఆరాధనలో చదివాం. పేదవాడి పేరుతో వచ్చిన డబ్బులో మన టీషర్టు ఖరీదు కలిసిపోకూడదు కదా!

మరి ప్రమాదం ఎక్కడుంది? పరుగు పూర్తి కాగానే మన బాధ్యత కూడా పూర్తయిందన్న తృప్తిలో ఉంది. లండన్ నగరంలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 1969 డిసెంబరులో కెనెత్ లీచ్ అనే ఆంగ్లికన్ గురువు, సోహో ప్రాంతంలోని సెయింట్ ఆన్స్ చర్చికి చెందిన భవనం నేలమాళిగలో, ఇళ్లు విడిచి వచ్చి వీధినపడ్డ యువతీయువకుల కోసం రాత్రి ఆశ్రయం తెరిచాడు. దాని పేరు సెంటర్‌పాయింట్. అక్కడికి కాస్త దూరంలో అదే పేరుతో ఒక ఆకాశహర్మ్యం ఉంది. వీధుల్లో జనం పడుకుంటుంటే అంత పెద్ద భవనం అప్పట్లో ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడి ఉంది. ఖాళీ మేడ పేరే చర్చి నేలమాళిగకు కూడా వచ్చింది. మేడలో చోటు దొరకని పిల్లలకు నేలమాళిగలో చోటు దొరికింది. ఇప్పుడు ఆ సంస్థ పెద్దదైంది. ఎందరో లండన్ మారథాన్‌లో దానికోసం పరుగెత్తుతున్నారు. కానీ వరుస గమనించండి. తలుపు తెరుచుకున్నది 1969లో, లండన్ మారథాన్ మొదలైంది 1981లో. ముందు తలుపు, తరువాత పరుగు. మేము చేసింది తలకిందులు. తలుపుకు తాళం వేసి పరుగు మొదలుపెట్టాం.

ఉపవాసం గురించి యెషయా 58వ అధ్యాయంలో దేవుడు అడిగింది ఇదే. ప్రజలు తలలు వంచుకుని, గోనెపట్ట కట్టుకుని, ఒళ్లు శ్రమపెట్టుకుని, దేవుడు ఎందుకు చూడడం లేదని ఫిర్యాదు చేశారు. దానికి దేవుడు తనకిష్టమైన ఉపవాసం ఏదో చెప్పాడు. దిక్కులేని బీదలను ఇంట చేర్చుకోవడం అందులో ఒకటి (యెషయా 58:7). డబ్బు పంపమని ఆయన అనలేదు. ఇంట చేర్చుకోమన్నాడు. మారథాన్ కూడా ఒళ్లు శ్రమపెట్టుకోవడమే. గోనెపట్టకు బదులు మన ఛాతీ మీద అంకె వేసిన గుడ్డ ఉంటుంది, అంతే.

2024 ఆగస్టు చివరి ఆదివారం ఇంకా చీకటి ఉండగానే నెక్లెస్ రోడ్డు నుంచి పరుగు మొదలైంది. మా యౌవనస్థులు కాసేపటికే కనుచూపు మేర దాటిపోయారు. ఎక్కి దిగే ఫ్లైఓవర్లు ఈ నగర మారథాన్‌కు ప్రత్యేకం. ముప్పై కిలోమీటర్లు దాటాక శరీరంలో దాచుకున్న శక్తి అయిపోయి, కాళ్లు రాళ్లయిపోతాయి. పరుగు తెలిసినవారు దాన్ని ‘గోడ’ అంటారు. నాకు ఆ గోడ తగిలింది. నడిచాను, మళ్లీ పరుగెత్తాను, మళ్లీ నడిచాను. కానీ దారి పొడవునా నీళ్లందించేవారున్నారు, చప్పట్లు కొట్టేవారున్నారు, పడిపోతే చూడటానికి వైద్యులున్నారు. ఐదున్నర గంటల తరువాత గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు గీత దాటినప్పుడు మెడలో పతకం వేశారు. ఇంటికి వెళితే వేడినీళ్లు, మంచం, ఒళ్లు పట్టడానికి భార్య ఉన్నారు. బట్టల దుకాణం మెట్ల మీది మేస్త్రీ ముప్పై ఏళ్లు పరుగెత్తాడు. ఆయనకు నీళ్లందించిందెవరు? ఆయన ముగింపు గీత ఎక్కడ?

ఈ 42.195 కిలోమీటర్ల దూరం ఎలా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ రాజప్రాసాదం దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగిసింది. ఆ దూరాన్నే 1921లో మారథాన్‌కు ప్రామాణికంగా నిర్ణయించారు. అంటే ఇల్లు లేనివారి కోసం మేము పరుగెత్తిన దూరం ఒక రాజుగారి ఇంటిని బట్టి కొలిచినది! ఆ 1908 పరుగులోనే ఇటలీకి చెందిన దొరాండో పియెత్రి అందరికన్నా ముందు స్టేడియం చేరి, స్పృహ తప్పి పదేపదే పడిపోయాడు. చూడలేక అధికారులు లేవనెత్తి గీత దాటించారు. ఇతరుల సాయం తీసుకున్నాడని అతనిని అనర్హుడిగా ప్రకటించారు. 1981లో మొదటి లండన్ మారథాన్‌లో మాత్రం అమెరికాకు చెందిన డిక్ బియర్డ్‌స్లీ, నార్వేకు చెందిన ఇంగె సిమన్సెన్ చేతులు పట్టుకుని కలిసి గీత దాటారు. ఇద్దరినీ విజేతలన్నారు.

లోకం పరుగులో చేయి పట్టుకుంటే అనర్హత. దేవుని రాజ్యంలో చేయి పట్టుకోకపోవడమే అనర్హత. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టామా, పరదేశిని చేర్చుకున్నామా అన్నదే చివరి దినాన న్యాయాధిపతి అడిగే ప్రశ్న (మత్తయి 25:35). ఎన్ని గంటల్లో పూర్తిచేశారని ఆయన అడగడు.

పతకం మెడలో ఉండగానే ఆ సాయంకాల ఆరాధనలో నేను సంఘం ముందు జరిగినదంతా చెప్పాను. వరండా సంగతి, తాళం సంగతి దాచలేదు. హాలు తెరుద్దామన్నాను. చందాలకు చప్పట్లు కొట్టిన సంఘం దీనికి మౌనంగా ఉండిపోయింది. కమిటీలో నెల రోజులు చర్చ జరిగింది. సామాన్లు పోతే? తాగి వస్తే? ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేస్తే? ఆదివారం ఉదయానికి హాలు శుభ్రమవుతుందా? ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. అనుభవమున్న ఆ సేవాసంస్థవారే వచ్చి ఒక్కొక్క దానికీ జవాబు చెప్పారు. చివరికి మా రైల్వే పెద్దాయన లేచి, ‘ఆదివారం పరుగెత్తితే తప్పేమో అని భయపడ్డాను. సోమవారం తాళం వేస్తే తప్పని ఎప్పుడూ అనుకోలేదు’ అన్నారు. ఆ తరువాత ఇక ఎవరూ మాట్లాడలేదు. డిసెంబరు మొదటి వారం చలిలో పన్నెండు చాపలు, పన్నెండు దుప్పట్లతో హాలు తెరిచాం. వాచ్‌మన్‌తో పాటు ప్రతి రాత్రీ సంఘం నుంచి ఇద్దరు అక్కడే పడుకుంటారు. పరుగుకు వచ్చినంతమంది ఈ పనికి రాలేదు. కానీ వచ్చినవారు ఇప్పటికీ వస్తున్నారు.

మొదటి రాత్రి మేస్త్రీని పిలుచుకురావడానికి నేనే వెళ్లాను. బట్టల దుకాణం మెట్ల మీద ఆయన లేడు. చుట్టుపక్కల అడిగాను. పది పదిహేను రోజులుగా కనబడటం లేదన్నారు. ఆసుపత్రుల్లో వెతికాం, స్టేషన్ దగ్గర వెతికాం. ఇప్పటికీ తెల్లవారుజామున ఆ వీధిలో వెళ్లినప్పుడల్లా ఆ మెట్ల వైపు చూస్తాను. ఫిబ్రవరిలో ఆయన పక్కన కూర్చున్నాను. మా తలుపు డిసెంబరులో తెరుచుకుంది. మధ్యలో ఒక వర్షాకాలమంతా గడిచిపోయింది. ఆ పది నెలల్లో నేను వందల కిలోమీటర్లు పరుగెత్తాను, కానీ చర్చి నుంచి ఆ మెట్ల వరకు ఉన్న నాలుగు వీధులు దాటడానికి ఆలస్యం చేశాను.

పందెంలో పరుగెత్తేవారి గురించి పౌలు కొరింథీయులకు రాసినప్పుడు (1 కొరింథీ 9:24) వాడిన క్రియాపదం, తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి గురించి లూకా వాడిన క్రియాపదం గ్రీకులో ఒకటే. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే ఆ తండ్రి చూసి, పరుగెత్తి వెళ్లి కౌగిలించుకున్నాడు (లూకా 15:20). ఆ వృద్ధుడు గడియారం చూసుకోలేదు. పతకం కోసం పరుగెత్తలేదు. ఇల్లు పోగొట్టుకున్న బిడ్డను ఇంట్లోకి తేవడానికి పరుగెత్తాడు. పాపులమైన మనవైపు దేవుడు వచ్చింది అలాగే. మనం కూడా ఒకప్పుడు ఆ ఇంటికి బయట ఉన్నవారమే కదా!

కాబట్టి పరుగెత్తండి. యౌవనస్థులను ప్రోత్సహించండి, విరాళాలు ఇవ్వండి, లెక్కలు చూపించండి. కానీ షూ లేసులు కట్టుకోకముందు మీ సంఘపు గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మీ వీధి చివర మెట్ల మీద పడుకున్న మనిషి పేరేమిటో అడగండి. అబ్రాహాము పరుగు అతిథి దగ్గర ఆగింది. తండ్రి పరుగు కొడుకు దగ్గర ఆగింది. మన పరుగు కూడా ఒక మనిషి దగ్గర ఆగాలి. లేకపోతే అది ఎంత దూరం సాగినా, యెరికో దారిలో అవతలి పక్కకు మారి వెళ్లిపోయిన యాజకుని నడకే అవుతుంది.